ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన తొమ్మిదో రోజు

మా అమ్మాయికి ఎల్‌ఎల్‌ఆర్ (కారు నేర్చుకోవడానికి ఇచ్చే లెర్నర్ లైసెన్సు) వచ్చిన తొమ్మిదో రోజున తన పేరు మీద పోలీసు చలానా రాశారు. 2024 మే 10న ఎల్‌ఎల్‌ఆర్, మే 19న చలానా. మధ్యలో మే 13న మొదటిసారి ఓటు కూడా వేసింది. అప్పటికి పద్దెనిమిది నిండి రెండు నెలలే. చలానాలో రాసినవాటిలో ఒక్క తప్పు కూడా నిజానికి తనది కాదు. అన్నీ ఇంట్లో పెద్దవాళ్లం మేం చేసినవి, చేయకుండా వదిలేసినవి. స్టీరింగ్ తన చేతిలో ఉంది కాబట్టి పేరు తనది పడింది.

ఇంట్లో పాత కారు ఉంది కదా, పిల్లలకు దాని మీదే నేర్పిద్దాం అనుకునేవాళ్లు ఎవరు కలిసినా ఇదంతా చెబుతున్నాను. ఒకసారి మొదటి నుంచి రాసి పెట్టుకుంటే మంచిదనిపించింది.

మాది రాజమహేంద్రవరం. మావారికి హైదరాబాద్‌లో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వస్తారు. నేను ఇక్కడే స్కూల్లో టీచర్ని. మా కారు 2006 మోడల్ మారుతి 800. మా మామయ్యగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్నారు. ఆయనకు ఆ కారంటే ప్రాణం. పొద్దున్నే పేపరు చదవడం అయ్యాక పాత పంచె ముక్కతో అద్దాలు తుడిస్తే గానీ కాఫీ తాగేవారు కాదు. 2019లో ఆయన పోయారు. కారు అమ్ముదామంటే అత్తయ్యగారికి మనసొప్పలేదు. అలా షెడ్డులోనే ఉండిపోయింది. బ్యాటరీ చచ్చిపోకుండా మావారు వచ్చినప్పుడల్లా స్టార్ట్ చేసి, మా వీధి చివరి వరకు తీసుకెళ్లి తెచ్చేవారు.

కాగితాలన్నీ డ్యాష్‌బోర్డులో ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. మామయ్యగారు ఉన్నన్నాళ్లూ ఏ కాగితానికి ఎప్పుడు గడువో ఆయనే చూసుకునేవారు. ఇన్సూరెన్స్ కట్టమని వచ్చే మెసేజ్‌లు ఆయన ఫోనుకే వచ్చేవి. ఆయన పోయాక ఆ సిమ్ ఆగిపోయింది, దాంతో ఆ మెసేజ్‌లు ఎవరికీ అందలేదు. ఇన్సూరెన్స్ 2019తో ఆగిపోయింది. ఆర్‌సీకి ఉండే పదిహేనేళ్ల గడువు 2021 సెప్టెంబరులో తీరిపోయింది. ఆర్‌సీకి గడువు ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. నంబర్ ప్లేటు ఉన్న బండికి రిజిస్ట్రేషన్ ఉన్నట్టే అనుకునేదాన్ని.

అమ్మాయికి కారు నేర్చుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. పద్దెనిమిది నిండగానే స్లాట్ బుక్ చేసుకుని, కంప్యూటర్ టెస్టు రాసి, ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకుంది. ట్రాఫిక్ గుర్తులన్నీ వారం రోజులు కూర్చుని చదివింది. డ్రైవింగ్ స్కూల్లో చేర్పిద్దామని మావారు అన్నారు. ఇంట్లో కారు పెట్టుకుని బయట డబ్బులు పోయడం ఎందుకని వద్దన్నది నేనే. ఎదురింట్లో ఉండే డ్రైవరు మూడు రోజులు సాయంత్రం పూట వచ్చి గేర్లు, క్లచ్ చూపించాడు. నాలుగో రోజు నుంచి ఆయనకు కిరాయిలు తగిలాయి. అప్పుడు పక్క సీట్లో నేను కూర్చున్నాను. నాకున్నది స్కూటీకి తీసుకున్న లైసెన్సు. కారు నేనెప్పుడూ నడపలేదు.

ఆదివారం ఉదయం ఆరు గంటలు. ఒక గ్రౌండులో నాలుగు రౌండ్లు బాగానే తిప్పింది. వాకింగ్‌కు వచ్చేవాళ్లు పెరుగుతున్నారని ఇంటికి బయల్దేరాం. గేటు దాటి రోడ్డెక్కి కుడివైపు తిరగాలి. అక్కడ ఆగింది, అటూ ఇటూ చూసింది కూడా. క్లచ్ ఒక్కసారిగా వదిలేసరికి కారు గెంతినట్టు ముందుకెళ్లింది. అదే సమయానికి పాల ప్యాకెట్ల ట్రేలు కట్టుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద ఒకాయన వస్తున్నాడు. కారు బంపరు ఆయన బండి వెనక చక్రానికి తగిలింది. ఆయన బండితో సహా పక్కకు పడిపోయాడు. రోడ్డంతా పాలు.

ఆ ఒకటి రెండు క్షణాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటాయి. హ్యాండ్‌బ్రేకు నా కుడి చేతికి జానెడు దూరంలో ఉంది. అది లాగితే కారు ఆగుతుందని నాకు తట్టలేదు. నేను చేసిందల్లా "అమ్మలూ!" అని అరవడం. ఆ అరుపుకు పిల్ల ఇంకా బెదిరిపోయి బ్రేకు మీద నుంచి కాలు తీసేసింది. ఇంజను ఆగిపోబట్టి సరిపోయింది.

టీ కొట్టు కుర్రాళ్లు ఆయన్ని లేపి ఆటో ఎక్కించారు. మేమిద్దరం అదే ఆటోలో ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. మోకాలి మీద ఐదు కుట్లు పడ్డాయి. చెయ్యి వాచిపోయింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని చెప్పేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. రోడ్డు ప్రమాదం కాబట్టి ఆసుపత్రి వాళ్లు ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాసి పోలీసులకు కబురు పంపారు. దెబ్బ తగిలినాయన దగ్గర స్టేట్‌మెంట్ తీసుకున్నారు. "కావాలని చేసింది కాదండి, చిన్నపిల్ల. నాకు కేసులొద్దు" అన్నాడాయన. అప్పటికి నేను ఆయన పేరైనా అడగలేదు.

కేసు వద్దన్నాడు కదా, ఇక ఇంటికి వెళ్లిపోవచ్చనుకున్నాను. ఎస్‌ఐగారు కారు దగ్గరికి రమ్మన్నారు.

"బండి ఎవరి పేరు మీద ఉందమ్మా?"

"మా మామయ్యగారి పేరు మీదండి."

"ఆయన్ని రమ్మనండి."

"ఆయన లేరండి. పోయి ఐదేళ్లయింది."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. చేతిలో మిషన్ తీసి కారు నంబరు కొట్టారు. ఆర్‌సీ ఎప్పుడు ముగిసిందో, ఇన్సూరెన్స్ ఎప్పుడు ముగిసిందో అందులో వచ్చేసింది. నేను ఎల్‌ఎల్‌ఆర్ ముందుకు చాపి, "అమ్మాయికి లైసెన్సు ఉందండి" అన్నాను. దానికి ఆయన చెప్పిన మాట మర్చిపోలేను. "ఎల్‌ఎల్‌ఆర్ పాపకమ్మా. బండికి కాదు."

తర్వాత నా లైసెన్సు చూపించమన్నారు. చూసి, "మీది గేర్ లేని టూ వీలర్‌కు. కారు నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చోవడానికి ఇది పనికిరాదు" అన్నారు. ఎల్ బోర్డు ఏదని అడిగారు. మేం పెట్టనే లేదు. ఆయన గొంతు పెంచలేదు, ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

చలానాలో మూడు పద్దులు. గడువు తీరిన రిజిస్ట్రేషన్‌తో నడిపినందుకు ఐదు వేలు. ఇన్సూరెన్స్ లేనందుకు రెండు వేలు. ఎల్‌ఎల్‌ఆర్ షరతులు పాటించలేదు కాబట్టి లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్కగట్టి ఐదు వేలు. మొత్తం పన్నెండు వేలు. కారును స్టేషన్‌కు తరలించారు. మామయ్యగారి కారును గొలుసు కట్టి లాక్కెళ్తుంటే మా అమ్మాయి ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చింది. అత్తయ్యగారికి ఫోన్ చేసి చెప్పడానికి నాకు గంట పట్టింది.

ఆ సాయంత్రం మా పిన్ని కొడుకు వచ్చాడు. అన్నయ్య అడ్వకేటు, యాక్సిడెంట్ క్లెయిమ్ కేసులే ఎక్కువగా చూస్తాడు. డబ్బు కట్టేస్తే అయిపోతుంది కదా అన్నయ్యా అన్నాను. అన్నయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని, "చలానా సంగతి వదిలెయ్యి చెల్లెమ్మా. ఆ పాలాయన ఎముక విరిగి ఉంటే ఏమయ్యేదో అది విను" అని మొదలుపెట్టాడు. అన్నయ్య చెప్పింది నాకు అర్థమైన భాషలో రాస్తున్నాను.

రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లు నష్టపరిహారం కోసం ట్రైబ్యునల్‌లో వేసే కేసును లాయర్లు ఎంవీఓపీ అంటారు. అందులో మామూలుగా ముగ్గురు ప్రతివాదులు ఉంటారు. మొదటివాడు బండి నడిపిన మనిషి, రెండోవాడు బండి యజమాని, మూడోది ఇన్సూరెన్స్ కంపెనీ. అందరూ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) కట్టాలని చట్టం పట్టుబట్టేది ఆ మూడో పేరు ఖాళీగా ఉండకూడదనే. మా కేసులో అది ఖాళీ. రెండో పేరు చనిపోయిన మనిషిది, అంటే ఆయన వారసులందరిదీ: అత్తయ్యగారు, మావారు, మా మరిది, మా ఆడపడుచు. బెంగళూరులో ఉన్న మరిది ఆ కారు ముఖం చూసి నాలుగేళ్లయింది. అయినా ఆయనకూ నోటీసు వెళ్లేది. ఇక మొదటి పేరు మా అమ్మాయిది. ఇంకా సంపాదనే మొదలుపెట్టని పిల్ల మీద లక్షలు కట్టమనే డిక్రీ.

లక్షలా అన్నాను. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్రగాయం కిందే లెక్కేస్తుందట. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు పెట్టిన 164వ సెక్షన్ ప్రకారం, తప్పు ఎవరిదో రుజువు చేయనక్కర్లేకుండానే తీవ్రగాయానికి రెండున్నర లక్షలు, ప్రాణం పోతే ఐదు లక్షలు యజమానో, ఇన్సూరెన్స్ కంపెనీయో ఇవ్వాలి. తప్పు రుజువు చేసి ఇంకా ఎక్కువ కావాలనుకుంటే వయసు, సంపాదన, ఎంత వైకల్యం వచ్చిందనేవి లెక్కగడతారు. దానికి పైహద్దు లేదు. మా కారు లాంటి వెయ్యి సీసీ లోపు ప్రైవేటు కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం అప్పట్లో 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. ఆ అంకె విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంటి నెల పాల బిల్లు అంతకంటే ఎక్కువ.

ఇన్సూరెన్స్ బతికుండి, ఎల్ బోర్డు పెట్టి, పక్కన కారు లైసెన్సు ఉన్న మనిషి కూర్చుని ఉంటే? అప్పుడు కంపెనీ తప్పించుకోలేదని అన్నయ్య చెప్పాడు. మోటార్ పాలసీలో ఎవరు నడపవచ్చో రాసేచోట, ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు కూడా కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని మూడో నియమం పాటిస్తే నడపవచ్చని ఉంటుంది. సుప్రీంకోర్టు కూడా 2004లో స్వరణ్ సింగ్ కేసులో ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లను లైసెన్సు ఉన్నవాళ్లుగానే చూడాలని చెప్పింది. అంటే నేర్చుకునే పిల్లలకు చట్టం దారి ఇచ్చింది. ఆ మూడో నియమం నేనే చదువుకున్నాను. పక్కన కూర్చునే మనిషికి ఆ బండి నడిపే లైసెన్సు ఉండాలి. బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలుగా కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. "ఆపడానికి వీలుగా" అన్న చోట నేను ఆగిపోయాను. జానెడు దూరంలో ఉన్న హ్యాండ్‌బ్రేకు గుర్తొచ్చింది.

మాటల్లో అమ్మాయి ఒక సంగతి బయటపెట్టింది. అంతకుముందు సంక్రాంతికి ఊళ్లో, బాబాయి పక్కన కూర్చుని నేర్పుతుంటే, చెరువు గట్టు దాకా కారు నడిపిందట. అప్పటికి తనకు పదిహేడేళ్లు. అన్నయ్య ముఖం మారిపోయింది. "అదృష్టవంతులు. అప్పుడేదైనా జరిగి ఉంటే 199ఏ" అన్నాడు.

ఆ సెక్షన్ గురించి పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలియాలి. ఇది కూడా 2019 సవరణలో వచ్చిందే. పద్దెనిమిది నిండనివాళ్లు బండి నడిపి నేరం జరిగితే, తల్లిదండ్రులో బండి యజమానో నేరం చేసినట్టు లెక్క. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లకో పిల్లాడికో ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "మాకు తెలియకుండా తీసుకెళ్లాడండీ" అంటే సరిపోదు. మాకు తెలియదనో, మా జాగ్రత్త మేం తీసుకున్నామనో మనమే రుజువు చేసుకోవాలి. తాళంచెవి గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంటే ఏ జాగ్రత్త చూపిస్తాం? ఊరి రోడ్డే కదా అంటే అదీ కుదరదు. జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా చట్టం లెక్కలో బహిరంగ స్థలమే. మా వీధి కూడా అంతే, చెరువు గట్టు కూడా అంతే.

పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారుగా అని మా స్కూల్లో కొందరు తల్లిదండ్రులు నాతో వాదించారు. ఇస్తారు, 50 సీసీ దాటని బండికి మాత్రమే. టెన్త్ పిల్లలు ట్యూషన్‌కు వేసుకొచ్చే స్కూటీలు చాలావరకు నూరు సీసీ పైనవే. ఆ పిల్లల్ని గేటు దగ్గర చూసినప్పుడల్లా నాకిప్పుడు గుండె దడదడలాడుతుంది.

వెళ్లే ముందు అన్నయ్య ఇంకో మాట చెప్పాడు. పాలాయన ఇప్పుడు కేసు వద్దన్నా, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు ఎంవీఓపీ వేసుకునే హక్కు ఆయనకు ఉంది. "నువ్వు చెప్పనక్కర్లేదులే" అన్నాడు, లాయరుగా మా మంచి కోరి.

రెండు రోజులు ఆలోచించాను. మావారు వచ్చారు. ఇద్దరం పాలాయన వాళ్లింటికి వెళ్లాం. చిన్న రేకుల ఇల్లు. ఆయన మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు, ఆయన భార్య తెల్లవారుజామున వేరే కుర్రాడిని పెట్టి పాలు వేయిస్తోంది. ఆ కుర్రాడికి రోజుకింత ఇవ్వాలి, కుర్రాడు దారులు తెలియక ఇళ్లు వదిలేస్తున్నాడు, వాడుక ఇళ్లు పోతున్నాయని ఆవిడ బాధ. నేను మందుల ఖర్చు గురించి అనుకుని వెళ్లాను. ఈ సంగతి నాకు తోచనే లేదు.

అన్నయ్య చెప్పిందంతా ఆయనకు చెప్పాం. మా కారుకు ఇన్సూరెన్స్ లేదని, ఉండుంటే మీకు కంపెనీ ఇచ్చేదని, కోర్టుకు వెళ్లే హక్కు మీకు ఆరు నెలల వరకు ఉందని, వెళ్తే మేం తప్పుపట్టమని. మావారికి గొంతు పూడుకుపోయింది. పాలాయన విని, "కోర్టు చుట్టూ తిరిగే రోజులు కూడా నా రోజులేగా సార్. నాకు పోయిన రోజులు ఇప్పించండి చాలు" అన్నాడు. మందులు, బండి రిపేరు, పదహారు రోజుల సంపాదన, కుర్రాడి కూలి అన్నీ ఆవిడ చెప్పిన లెక్క ప్రకారమే ఇచ్చాం. ఇరవై రెండు వేలు దాటింది. పోయిన వాడుక ఇళ్లకు లెక్క ఎవరూ కట్టలేరు. మా వీధిలో ఏడు ఇళ్లు ఆయనకు మాట్లాడి పెట్టాను.

ఆ తర్వాత కాగితాల పని. అది అనుకున్నంత కష్టం కాదు, కానీ వరస తెలియాలి. చలానా కట్టి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా రోడ్డెక్కించబోమని రాసిచ్చి, కారును రికవరీ వ్యానులోనే ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మేసి స్క్రాప్‌కు ఇచ్చేద్దామని మరిది అన్నాడు. అత్తయ్యగారు ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. ఉంచుకుందామనే తేల్చాం.

యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో ఆర్‌టీఓ ఆఫీసుకు తెలియజేయాలట. మూడు నెలల్లో ఫారం 31 పెట్టి బండిని వారసుల పేరు మీదకు మార్పించుకోవాలట. మేం ఐదేళ్లు ఊరుకున్నాం. బండి కొన్నవాళ్లు పెట్టే ఫారం వేరు, వారసులు పెట్టే ఫారం వేరు. మొదట ఎవరో చెబితే కొన్నవాళ్ల ఫారం నింపి ఒక రోజు పోగొట్టుకున్నాం. మామయ్యగారి మరణ ధ్రువపత్రం, మీసేవలో పెట్టి తెచ్చుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, కారు మావారి పేరు మీదకు మారడానికి అభ్యంతరం లేదని అత్తయ్యగారు, మరిది, ఆడపడుచు నోటరీ దగ్గర రాసిచ్చిన కాగితాలు కావాల్సి వచ్చాయి. దాంతో పాటే రిజిస్ట్రేషన్ పొడిగింపుకు ఫారం 25. పదిహేనేళ్లు దాటిన కారుకు ఈ ఫీజు అప్పట్లో, 2022 ఏప్రిల్ నుంచి, ఐదు వేలు ఉండేది. ఆలస్యానికి నెలకింత అని వేరే, గ్రీన్ టాక్సు వేరే. అన్నీ కలిపితే ఆ కారు అమ్మితే వచ్చే ధరలో సగం పైనే అయింది. సమయానికి చేసి ఉంటే ఇందులో చాలా భాగం పడేది కాదు.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఆర్‌సీ పనికి ఇన్సూరెన్స్ కాగితం కావాలి, ఇన్సూరెన్స్‌కు ఆర్‌సీ కావాలి. మామయ్యగారి పేరు మీదే ఆన్‌లైన్‌లో కట్టేయండి, ఎవరు చూస్తారు అని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. పాలసీ అంటే ఒప్పందం. లేని మనిషి పేరు మీద ఒప్పందం రాయించుకుంటే, ప్రమాదం జరిగిన రోజు అది నిలబడుతుందన్న నమ్మకం ఏముంటుంది? మావారు నేరుగా ఒక కంపెనీ బ్రాంచికి వెళ్లి మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు చూపించి, తన పేరు మీద థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నారు. కారుకు తగిలే దెబ్బలకు కూడా వర్తించే పాలసీ కావాలంటే వాళ్లు వచ్చి బండి చూడాలన్నారు. పాత కారు కదా, అది వద్దనుకున్నాం. మామయ్యగారు ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన బోనస్ అంతా పోయింది. గడువు తీరాక తొంభై రోజుల్లో కట్టకపోతే అది ఎటూ పోతుంది. నడిపే యజమానికి పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది, మావారికి కారు లైసెన్సు ఉంది కాబట్టి అది కూడా తీసుకున్నాం.

తనిఖీకి కూడా కారును వ్యానులోనే తీసుకెళ్లాం. ఆఫీసు మూడు కిలోమీటర్లే, నడుపుకుంటూ వెళ్లిపోదామా అని మావారు అడిగినప్పుడు "వద్దు నాన్నా" అన్నది మా అమ్మాయే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గారు ఛాసిస్ నంబరు, లైట్లు, బ్రేకులు చూశారు. వెనక లైటు ఒకటి మార్పించి మళ్లీ చూపించాం. ఆగస్టులో కొత్త ఆర్‌సీ వచ్చింది, ఐదేళ్లకు. మావారి పేరు మీద.

ఈలోగా అమ్మాయిని డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాం. ఆ కార్లకు నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. మొదటి రోజు ఇంటికొచ్చి, "అమ్మా, నేను క్లచ్ వదిలేస్తే సార్ నొక్కేశారు, ఎవరికీ ఏం కాలేదు" అని చెప్పింది. మొదటి మూడు రోజులు పాల బండి ఎదురైతే చాలు చేతులు వణికేవట, అది తర్వాతెప్పుడో చెప్పింది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. నెల దాటాక డ్రైవింగ్ టెస్టుకు వెళ్లవచ్చు. తను తొందరపడలేదు. సెప్టెంబరులో వెళ్లి పాసైంది.

మా కారు ఎక్కే ముందు తను ఇప్పుడు డ్యాష్‌బోర్డు తెరిచి కవరు చూసుకుంటుంది. ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆర్‌సీ గడువు తేదీలు ఒక అట్టముక్క మీద రాసి లోపల అంటించింది. ఇంట్లో ముగ్గురి ఫోన్లలోనూ ఆ తేదీలకు నెల ముందు అలారం మోగుతుంది. ఫ్రెండ్స్ కారు నడపమని ఇస్తే "ఇన్సూరెన్స్ చూపించు" అని అడుగుతుందట. వాళ్లు ఏడిపించినా మానలేదు. నేనూ మే నుంచి ఒక నియమం పెట్టుకున్నాను, కారు లైసెన్సు తెచ్చుకునేదాకా నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చోను.

పాలాయన జూన్ నుంచి మా ఇంటికి కూడా పాలు వేస్తున్నాడు. కాలు కొంచెం ఈడ్చేవాడు, దసరా నాటికి అదీ తగ్గింది. అన్నయ్య చెప్పిన ఆరు నెలలు నవంబరు 19తో పూర్తయ్యాయి. ఆ తేదీ నాకు బాగా గుర్తుంది, మంగళవారం. ఐదున్నరకే మెలకువ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన ఎప్పటిలాగే రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టి, "పాప కాలేజీకి వెళ్తోందా అమ్మా?" అని అడిగాడు. వెళ్తోందన్నాను. ఆయనకు గడువు సంగతి గుర్తుందో లేదో తెలియదు. గుర్తు చేద్దామని నోటి దాకా వచ్చింది. "కాలు ఎలా ఉంది?" అని మాత్రం అడగగలిగాను. చలికి కొంచెం లాగుతోందని చెప్పి, పక్కింటి గేటు వైపు బండి తిప్పాడు.